మొదటి కారు: సరదా బండా, బరువైన బండా? పద్దెనిమిదేళ్ల అమ్మాయికి ఏది కొనాలి

ఇద్దరమ్మాయిల_నాన్న:

ఇంట్లో నెల రోజులుగా ఇదే రగడ. ఇక్కడ పెడితే అయినా ఒక దారి దొరుకుతుందేమోనని రాస్తున్నా. మా పెద్దమ్మాయికి పద్దెనిమిది నిండాయి, లైసెన్స్ వచ్చి మూడు నెలలు. డ్రైవింగ్ అంటే దానికి ప్రాణం. కూతురని పొగడటం కాదు, పక్క సీట్లో కూర్చుని నేర్పింది నేనే కాబట్టి చెప్తున్నా, క్లచ్ రెండో రోజుకే పట్టేసింది, మలుపు రాకముందే వేగం తగ్గించి గేరు మార్చేసుకుంటుంది, మలుపులో దిగాక బ్రేక్ ముట్టుకోదు.

దానికి కావాల్సింది సెకండ్ హ్యాండ్ మాజ్డా మియాటా, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, అదీ మొదటి తరంది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏ కారు ఎన్ని కిలోలు, ఎన్ని హార్స్‌పవర్ అని గళ్లు గీసి రాసుకుంది. పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్లీ రాసి ఆ పేజీలు నల్లబడిపోయాయి. మా ఆవిడది ఒకటే మాట: బరువైన పెద్ద సెడాన్ కొనండి, పాతదైనా పర్లేదు, ఎవడన్నా వచ్చి గుద్దినా పిల్లకి ఏమీ కాకూడదు. చేతిలో డబ్బు ఎక్కువ లేదు, కొత్త కారు ఊసే లేదు. మొదటి కారు దగ్గర సరదా అన్న మాట అసలు ఎత్తొచ్చా, లేక అది ఇంకో పదేళ్ల తర్వాత కొనుక్కునే కారుకి వదిలేయాలా? తేల్చుకోలేక అడుగుతున్నా.

మూడోగేరు:

అన్నా, అమ్మాయి చెప్పిందే కరెక్ట్. మియాటా అనగానే స్పోర్ట్స్ కారు అని అందరూ బెదిరిపోతారు, లోపల ఏముందో చూడరు. 1989లో వచ్చిన ఆ మొదటి తరం బండిలో 1.6 లీటర్ ఇంజిన్, సుమారు 115 హార్స్‌పవర్, బరువు టన్ను కూడా లేదు. ఇవాళ మామూలు ఫ్యామిలీ సెడాన్లు చాలావాటిలో అంతకంటే ఎక్కువ పవర్ ఉంది. మియాటాలో మజా వేగం వల్ల రాదు. బండి తేలిక, సీటు నేలకి దగ్గర, ముందు టైర్లు ఏం చేస్తున్నాయో స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలిసిపోతుంది, యాభైలో వెళ్తున్నా ఎనభైలో వెళ్తున్నట్టు ఉంటుంది. పెద్ద సెడాన్‌లో దీనికి పూర్తి రివర్స్. వందలో వెళ్తున్నా సోఫాలో కూర్చున్నట్టే, ఎంత స్పీడులో ఉన్నారో పిల్లలకి తెలియనే తెలియదు.

ఇంకోటి మాన్యువల్ గేర్లు. రెండు చేతులకీ రెండు కాళ్లకీ పని ఉంటుంది, ఫోన్ తీసే తీరిక దొరకదు. ఆటోమేటిక్ బండి చేతికిస్తే సిగ్నల్ దగ్గర మొదలైన ఫోన్ చూడటం బండి నడుస్తుండగా కూడా ఆగదు, పెద్దవాళ్లలోనే చూస్తున్నాం కదా. పైగా సీట్లు రెండే. నలుగురు ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని తిరిగే మాటే లేదు. ఈ ఒక్క పాయింట్‌కే నా ఓటు మియాటాకి.

వెనకసీటు_అమ్మ:

మీ ఆవిడ ఏం ఆలోచిస్తున్నారో నాకు తెలుసండీ, నేనూ అలాగే ఆలోచించి కొన్నాను. మా వాడికి పంతొమ్మిదో ఏట పెద్ద సెడాన్ కొన్నాం, ఆరు సిలిండర్లది, పాతది కాబట్టి చవగ్గా వచ్చింది. బరువు చూశాను, తలుపు వేసినప్పుడు వచ్చే ఆ దిట్టమైన చప్పుడు విని గట్టి బండి అనుకున్నాను, ఇంజిన్ ఎంతటిదో మాత్రం చూడలేదు. నాలుగో నెలలో, రాత్రి పదకొండున్నర దాటాక, వాన వెలిసిన రోడ్డు మీద, ముగ్గురు ఫ్రెండ్స్‌తో. వెనక నుంచి ఎవరో “తొక్కరా” అన్నారట. వీడు తొక్కాడు. మలుపులో బండి వెనక భాగం జారిపోయి పక్కవాటుగా చెట్టుకి కొట్టింది. మా వాడికి భుజం ఎముక, వెనక కూర్చున్న పిల్లాడికి కాలు రెండు చోట్ల విరిగాయి. ఆ అబ్బాయి చంకకర్రలతో నడిచినన్నాళ్లూ వాళ్లమ్మ ఎదుట పడటానికి నాకు మొహం చెల్లలేదు.

అందుకే చెప్తున్నా, బరువు ఒక్కటే చూసి కొనకండి. కదిలే బండిలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అరవైకీ ఎనభైకీ తేడా మూడో వంతే కదా అనిపిస్తుంది, కానీ ఎనభైలో గుద్దితే దెబ్బలో ఉండే శక్తి దాదాపు 1.8 రెట్లు. పెద్ద ఇంజిన్ ఉంటే పిల్లలు ఆ అరవై నుంచి ఎనభైకి పాట మార్చుకున్నంత సేపట్లో చేరిపోతారు.

అలాగని మియాటాకీ ఒప్పుకోను. మూడోగేరు గారూ, 950 కిలోల బండీ 1,900 కిలోల బండీ ఎదురెదురుగా గుద్దుకుంటే చిన్న బండి వేగంలో వచ్చే మార్పు పెద్ద బండిలో వచ్చేదానికి రెట్టింపు ఉంటుంది. లోపల మనుషుల ఒంటికి తగిలేది ఆ మార్పే. పిల్ల ఎంత బాగా నడిపినా ఈ లెక్క మారదు, ఎదుటివాడు తాగి వస్తే దాని నైపుణ్యం ఏం చేస్తుంది? పైగా నెత్తిన గుడ్డ టాపు. రెండే సీట్లు అన్నది మాత్రం ఒప్పుకుంటున్నా. తోటి వయసు పిల్లలు ఎక్కే కొద్దీ ముప్పు పెరుగుతుందనే చాలా దేశాల్లో, రాష్ట్రాల్లో కొత్త డ్రైవర్లకి ప్యాసింజర్ల మీదా రాత్రి డ్రైవింగ్ మీదా ఆంక్షలు పెట్టారు. మా వాడి బండికి రెండే సీట్లు ఉండుంటే అని ఎన్ని రాత్రులు అనుకున్నానో.

మూడోగేరు:

అక్కా, పిల్లలిద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు, ముందు అది చాలు. మీ మాట కొట్టిపారేయను. కానీ బండి జారబోతోందని ఆ పెద్ద సెడాన్ మీ అబ్బాయికి ముందుగా ఏ కబురూ ఇవ్వలేదు. తేలికైన బండి ఇస్తుంది, టైరు కీచుమంటుంది, స్టీరింగ్ చేతిలో వదులవుతుంది, నడిపేవాడికి భయం వేసి కాలు తీస్తాడు. ఇక బరువు కోసమని పాత ఎస్‌యూవీలు కొనేవాళ్లూ ఉన్నారు, ఎత్తుగా ఉండి గబుక్కున తిప్పితే పల్టీ కొట్టే రకం. ఎదురొచ్చే కారు నుంచి బరువు కాపాడొచ్చు, పల్టీ నుంచి కాపాడదు.

పదహారో_నంబర్_స్పానర్:

ఇరవై రెండేళ్లుగా గ్యారేజీలో ఉన్నాను, గుద్దిన బండ్లూ గుద్దని బండ్లూ రోజూ చేతుల మీదుగా పోతుంటాయి. మీ ఇద్దరూ ఇంత వాదించారు, స్టెబిలిటీ కంట్రోల్ అన్న మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. అక్క చెప్పిన ప్రమాదంలో వెనక భాగం జారింది చూశారా, అది కనిపెట్టింది సరిగ్గా అలాంటి క్షణం కోసమే.

మీరు స్టీరింగ్ ఎంత తిప్పారో ఒక సెన్సార్ చూస్తుంది. బండి నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకోటి చూస్తుంది. నాలుగు చక్రాల వేగాన్నీ విడివిడిగా చూస్తూ ఉంటుంది. మీరు అడిగినదానికంటే బండి ఎక్కువ తిరిగిపోతోంది అనిపించగానే మలుపుకి బయటి వైపున్న ముందు చక్రం ఒక్కదానికే బ్రేక్ వేసి ముక్కుని దారిలోకి లాగుతుంది, అవసరమైతే ఇంజిన్ పవర్ కూడా తగ్గిస్తుంది. మన కాలి కింద నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే పెడల్ ఉంది, ఒక్క చక్రానికే బ్రేక్ వేయడం ఎంతటి డ్రైవర్‌కైనా అయ్యే పని కాదు.

1997లో మెర్సిడెస్ ఏ-క్లాస్ కొత్తగా వచ్చినప్పుడు స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక వాళ్లు, రోడ్డుకి అడ్డంగా పెద్ద దుప్పి వస్తే తప్పించినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. బండి పల్టీ కొట్టింది. అప్పుడు కంపెనీ సస్పెన్షన్ సవరించి, అంతదాకా ఖరీదైన కార్లలో ఉండే స్టెబిలిటీ కంట్రోల్‌ని ఆ చిన్న కారు అన్నిట్లోనూ పెట్టింది. అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరప్‌లో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు పెట్టుకున్న ఐఐహెచ్ఎస్ అనే పరిశోధన సంస్థ ఉంది, వాళ్ల లెక్కలో ఇంకో బండి లేకుండా తనంతట తానే అదుపు తప్పి ప్రాణాలు పోయే ప్రమాదాల ముప్పు దీనివల్ల దాదాపు సగం తగ్గింది. టీనేజ్ పిల్లలకి కారు కొంటుంటే ఇది ఉండి తీరాలని వాళ్లు చెప్తారు. ఎక్కువ పవర్ ఉన్నవి వద్దంటారు, మరీ చిన్న కార్లూ వద్దంటారు, బరువు కనీసం 2,750 పౌండ్లు, అంటే ఇంచుమించు 1,250 కిలోలు ఉండాలంటారు.

ఇప్పుడు మీ ఇంట్లో వాళ్లు అడుగుతున్న బండ్లు చూద్దాం. మొదటి తరం మియాటాలో స్టెబిలిటీ కంట్రోల్ లేదు, గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా అన్నిట్లో ఉండదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్నా దాని వయసు ముప్పై ఏళ్లు. మేడమ్ గారు చెప్పిన పాత పెద్ద సెడాన్‌లో కూడా చాలావాటిలో ఇది లేదు. రెండూ వద్దు. అన్నగారూ, నా మాట వింటే మాజ్డా 3 మాన్యువల్ వెతకండి, 2014 తర్వాతది, ఇంజిన్ పవర్ పెంచే టర్బో లేనిది. ఐఐహెచ్ఎస్ వాళ్లు టీనేజర్లకి సరిపోయే పాత కార్లంటూ ఇచ్చే జాబితాలో చిన్న కార్ల వరసలో దాని పేరు ఉంది. స్టీరింగ్ చూస్తే మియాటా చేసిన కంపెనీ చేతిపని అని తెలుస్తుంది, అమ్మాయికి నచ్చకపోతే నన్నడగండి. అది దొరక్కపోతే మామూలు హోండా సివిక్. స్విఫ్ట్, జాజ్, ఫియెస్టా, పోలో లాంటివి ఇంకా సరదాగా ఉంటాయి, చవకగా కూడా వస్తాయి, కాకపోతే బరువు తక్కువ. రోజూ హైవే మీద లారీల మధ్య తిరగాల్సిన పిల్లకైతే నేను వాటిని రెండో వరసలో పెడతా.

ఏది కొన్నా సరే, చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పోసేయకండి, నాలుగు టైర్లకీ బ్రేకులకీ పక్కన పెట్టుకోండి. బండి రోడ్డుని పట్టుకునేది నాలుగు చోట్ల, ఒక్కో చోటు మన అరచేతి వెడల్పు. టైరు గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాల వరసలో చివర నాలుగంకెలు ఉంటాయి, 3519 అని ఉంటే 2019లో 35వ వారంలో తయారైనట్టు. గాడి లోతుగానే ఉంది కదా అని పదేళ్ల టైరు వాడకండి, రబ్బరు గట్టిపడిపోయి తడి రోడ్డు మీద సబ్బు బిళ్లలా జారుతుంది.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి, మీరు వెళ్లేసరికి వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారేమోనని అనుమానించండి. మొదటి స్టార్ట్‌లో నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. చల్లటి ఉదయం కాస్త ఆవిరి రావడం మామూలే, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే మాత్రం తిరిగి వచ్చేయండి. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు, జారుతున్న కారు బొమ్మ లైటు రెండూ వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే తప్పు ఉన్నట్టు, అసలు వెలగకపోతే ఎవరో లైటు పీకేసినట్టు, అది ఇంకా ఘోరం. గుద్దిన బండి అవునో కాదో తెలియాలంటే బానెట్ బోల్టుల మీద పెయింట్ లేచిందేమో చూడండి, డిక్కీలో స్టెప్నీ తీసి కింద రేకు ముడతలు పడిందేమో చేత్తో తడమండి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూడండి. పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు కొట్టి రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం, పెండింగ్ ఉందేమో కూడా చూసుకోండి, తకాటా అనే కంపెనీ ఎయిర్‌బ్యాగులు పేలి లోహపు ముక్కలు ఎగిరిన గొడవలో చాలా కంపెనీల బండ్లు ఉన్నాయి, అన్నిటికీ బాగుచేయించారని లేదు.

ఇరవయ్యో_ఏడు:

వయసులో చిన్నవాణ్ణి, అమ్మాయి వైపు నుంచి ఒక మాట చెప్తా. రెండేళ్ల కిందట నాకు దొరికింది డెబ్బై చిల్లర హార్స్‌పవర్ ఉన్న మామూలు హ్యాచ్‌బ్యాక్, మొదటి వారం మొహం మాడ్చుకునే తిరిగాను. తర్వాత తెలిసింది, తక్కువ పవర్ బండిలో ఎత్తు రోడ్డు రాబోతుంటే ముందే గేరు తగ్గించుకోవాలి, ఊపు పోకుండా మలుపు తీయాలి, ఓవర్‌టేక్ చేయాలంటే నిజంగా ఆలోచించాలి. అందులోనే మజా అంతా.

సార్, బండి కొన్నాక ఒక రోజు ఖాళీ స్థలంలో నేర్పే శిక్షకుడి దగ్గరికి పంపండి. నాకు అక్కడ నేల మీద నీళ్లు పోసి బ్రేక్ గట్టిగా తొక్కమన్నారు. ఏబీఎస్ పనిచేసినప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుందని ఎవరూ చెప్పలేదు, ఏదో విరిగిందనుకుని కాలు తీసేశాను, కోన్లన్నీ పడగొట్టుకుంటూ పోయాను. మళ్లీ చేయమన్నారు. నాలుగోసారికి ఆ కొట్టుకునే పెడల్ మీదే బలంగా కాలు అదిమి పట్టి, స్టీరింగ్ తిప్పి కోన్ పక్క నుంచి దూరిపోయాను. ఆ మొదటిసారి రోడ్డు మీద అయ్యుంటే కోన్ బదులు ఎవరుండేవాళ్లో.

ఇంకోటి, కొనకముందే ఇన్సూరెన్స్ ఎంతో అడగండి. చాలా చోట్ల చిన్న వయసు డ్రైవర్, స్పోర్ట్స్ కారు అనగానే అది ఎక్కడికో పోతుంది.

మూడోగేరు:

స్పానర్ అన్నా, స్టెబిలిటీ కంట్రోల్ దగ్గర మీ మాటకి ఎదురు చెప్పలేను, పాత మియాటా వెనక్కి తీసుకుంటున్నా. మరి 2012లో వచ్చిన టొయోటా జీటీ 86? అందులో ఉంది, వెనక చక్రాల డ్రైవ్, పైన గట్టి రేకు. వెనక సీట్లలో పెద్దవాళ్లు పట్టరు కాబట్టి ఫ్రెండ్స్ గోల కూడా తక్కువే.

వెనకసీటు_అమ్మ:

బాబూ, దానికి 200 హార్స్‌పవర్. లైసెన్స్ వచ్చి మూడు నెలలైన పిల్లకి. పైగా స్టెబిలిటీ కంట్రోల్ ఆపేసే బటన్ చేతికందే చోటే ఉంటుంది, పక్కన కూర్చున్నవాడు నొక్కి చూడవే అంటే? స్పానర్ గారు చెప్పిన మాజ్డాకి నాకు అభ్యంతరం లేదు. ఒక్కటే అడుగుతా, మొదటి ఆరు నెలలు రాత్రి పది దాటాక వద్దు, ఒక్క ఫ్రెండ్‌కి మించి వద్దు. బండిలో రెండు సీట్లు లేకపోతే ఆ గీత ఇంట్లోనే గీయాలి. ఫోర్డ్ కార్లలో 2010 మోడళ్ల నుంచి మైకీ అని ఒకటి పెట్టారు, పిల్లలకిచ్చే తాళంతో బండి తీస్తే టాప్ స్పీడ్, పాటల సౌండ్ ఒక హద్దు దాటవు. మాజ్డాలో అది లేదు కాబట్టి మాట తీసుకోండి. మా వాడికి నేను ఏ షరతూ పెట్టలేదు, గట్టి బండి కొన్నాం కదా అన్న ధీమాతో.

మూడోగేరు:

200 దగ్గర మీరన్నది సరే అక్కా. మాన్యువల్ మాత్రం వదలొద్దు అన్నా, ఆ ఒక్కటీ అమ్మాయికి దక్కనివ్వండి.

ఇద్దరమ్మాయిల_నాన్న:

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి భోజనాలయ్యాక ఇదంతా మా ఆవిడకీ పెద్దమ్మాయికీ చదివి వినిపించాను. వెనకసీటు అమ్మగారి మాటలు చదువుతుంటే మా ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది, కాసేపటికి వచ్చి ఆ ఆరు సిలిండర్ల ముక్క మళ్లీ చదవమంది. పెద్ద సెడాన్ మాట ఆ తర్వాత ఎత్తలేదు. అమ్మాయి మాత్రం మియాటా పేజీ చింపనని కూర్చుంది, ముప్పై ఏళ్లొచ్చాక కొనుక్కుంటుందట, అలాగే అన్నాను. నోట్‌బుక్‌లో కిలోలు, హార్స్‌పవర్ పక్కన స్టెబిలిటీ కంట్రోల్ అని కొత్త గడి గీసింది. చూస్తే సగం పైగా వరసలు కొట్టేయాల్సి వచ్చింది. రాత్రి పది, ఒక్క ఫ్రెండ్ షరతుకి గంటసేపు వాదించింది, చివరికి ఒప్పుకుంది, ఆరు నెలలు దాటితే మళ్లీ మాట్లాడాలని తేదీ కూడా రాయించుకుంది.

ఇవాళ సాయంత్రం ఒక మాజ్డా 3 చూసొచ్చాం, 2015ది, మాన్యువల్, ఒకే ఓనర్. ఆయనతో నేను మాట్లాడుతుండగానే మా అమ్మాయి ఫోన్ లైటు వేసుకుని నేల మీద పడుకుని టైర్లు చదువుతోంది. ముందు రెండూ రెండేళ్ల కిందటివి, వెనక రెండూ బండితో పాటు వచ్చినవే. స్టెప్నీ కింద రేకు తడిమి చూశాను, నున్నగా ఉంది. లైట్లు రెండూ వెలిగి ఆరాయి. ఛాసిస్ నంబరు మీద రీకాల్ ఏమీ లేదు. కానీ మేం వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంది, ఇప్పుడే బయటి నుంచి వచ్చానన్నాడాయన, నిజమే కావచ్చు. రేపు పొద్దున ఏడింటికి మళ్లీ వస్తామని, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పి వచ్చాం. స్పానర్ గారూ, వెనక టైర్లు రెండే మార్చమంటారా, నాలుగూ మార్చేయమంటారా?

పదహారో_నంబర్_స్పానర్:

రెండు చాలు, కాకపోతే కొత్తవి వెనకే వేయించండి, ముందుకి కాదు. తడిలో ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, కాలు తీస్తే మళ్లీ చేతికి వస్తుంది. వెనకవి జారితే చుట్టూ తిరుగుతుంది, అప్పుడు పిల్ల చేతిలో ఏమీ ఉండదు. రేపు స్టార్ట్ చేసేటప్పుడు మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి, తాళం అమ్మాయిని తిప్పమనండి.